రెండు గదులు

కోవూరు దాటేలోపు మొదలుపెట్టాలి అనుకున్నాను. కోవూరు దాటింది. అంతకు ముందు పెన్న వంతెన మీద ఒకసారి గొంతు సవరించుకున్నాను, పక్క సీట్లో మా డిపార్టుమెంటు డెబోరా తలతిప్పి చూసింది, నేను కిటికీ అద్దం జరపబోయినవాడిలా చెయ్యి పెట్టి, అది ఎప్పటి నుంచో బిగుసుకుపోయిందని తెలిసీ కాసేపు దాంతో పెనుగులాడి, బయటికి చూస్తూ ఉండిపోయాను. జూన్ ఎండకు ఏరు సన్నపాయలుగా విడిపోయింది, పాయల మధ్య ఇసుకలో ఎవరో పుచ్చతీగలు పెట్టి వదిలేశారు. మాట మొదలుపెట్టడం మా వంశంలోనే లేదు. మా నాయన పొలం నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుంటే ఉప్పు తక్కువైనా చెప్పేవాడు కాదు, ఉప్పుడబ్బా వైపు చూసేవాడు, అమ్మ అందుకుని ఇచ్చేది. క్లాసులో మాత్రం బెల్లు కొట్టేదాకా ఆగకుండా చెబుతాను, అరుగు దిగగానే నోరు మూతపడుతుంది. అటువంటివాడికి, పోయే మనిషిని మాటలతో ఆపమని పని అప్పగించారు. బస్సు క్యాంపస్ గేటు చేరడానికి ఇంక గంట కూడా లేదు, మధ్యాహ్నంలోగా ఆమె చెన్నై దగ్గర ఇంకో యూనివర్సిటీకి వస్తున్నానో లేదో చెప్పాలి, ఆలోపు నేను ఆమె చేత ఉంటాను అనిపించాలి.

నిన్న సాయంత్రం రిజిస్ట్రార్ సుశీల్ కుమార్ గారు పిలిచి కుర్చీ చూపించారు. కుర్చీ చూపించారంటే పని ఉందని అర్థం. "పెంచలప్రసాద్ గారూ, ఆ అమ్మాయి పోకూడదండీ. పైనుంచి ఇన్‌స్పెక్షన్ కమిటీ వచ్చిపోయేదాకా అయినా పోకూడదు. యూనివర్సిటీలో సగం రీసెర్చి పేపర్లు ఆమెవే కదా. డీన్ ఇస్తామని చెప్పండి, ఏసీ రూము, తలుపు మీద పేరు. మీరు హెచ్చోడీ, పైగా లోకల్, మీ మాట వింటుంది. బస్సులో పక్కపక్కనే కదా కూర్చునేది." అన్నీ ఇంత మెత్తగా చెబుతారాయన, ఒక్క మాట కూడా పట్టుకోవడానికి దొరకదు, సబ్బునీళ్లలో చేప మాదిరి. నేను అన్నాను, ఆమె అడిగింది డీన్ కాదు సార్, రెండు గదులు అని. "గదుల సంగతి చైర్మన్ గారి దృష్టిలో ఉంది" అన్నారు. ఆ గదులు చైర్మన్ గారి దృష్టిలో పడి రెండేళ్లయింది. నేను రాసిన ఉత్తరాలు కూడా ఆ దృష్టిలోనే ఎక్కడో ఉన్నాయి. ఆ దృష్టి ఎంత పెద్దదో, అందులో పడ్డది ఏదీ మళ్లీ బయటికి వచ్చిన పాపాన పోలేదు.

ప్రతిభను నిలబెట్టుకోవడానికి మా దగ్గర ఒక కమిటీ కూడా ఉంది. టాలెంట్ రిటెన్షన్ కమిటీ. నేనే కన్వీనర్. ఎందుకంటే నేను ఎక్కడికీ పోలేదు కాబట్టి నిలబడటం ఎలాగో నాకు తెలుసని వాళ్ల లెక్క. బెంగళూరు నుంచి ఒకాయనను పిలిపించి సెమినార్ హాల్లో రెండు రోజుల పాటు మాకు పాఠం చెప్పించారు, ఆయన అందరినీ కళ్లు మూసుకోమని, మీ దగ్గర పనిచేసేవాళ్లలో అందరికంటే ప్రతిభ ఉన్నవాళ్లను ఊహించుకోండి, ఆ మనిషి ఇప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి అన్నాడు. కళ్లు మూసుకున్నాను. చూడటానికి ఊహ అక్కర్లేకపోయింది. ఆ మనిషి ఆ నిమిషంలో కింద రిసెప్షన్ పక్కన అద్దాల గది ముందు మెడలో ట్యాగు వేసుకుని, అడ్మిషన్లకు వచ్చిన తల్లిదండ్రులకు రొయ్యల జబ్బు పట్టే మిషను చూపిస్తూ ఉంది. ఒక తండ్రి ఇందులో రక్తపరీక్ష కూడా చేస్తారా అని అడిగాడట, సాయంత్రం బస్సులో చెప్పి నవ్వింది. అప్పటికింకా నవ్వేది.

ఇనమడుగు దగ్గర ఎవరో చెయ్యెత్తితే అశోక్ బస్సు ఆపకుండానే వేగం తగ్గించి ఎక్కించుకున్నాడు, అతనికి అదొక సరదా. మా బస్సులో సీట్లకు పేర్లుంటాయి, రాసి ఉండవు గాని అందరికీ తెలుసు. మూడో వరుసలో కిటికీ పక్కది రాజ్ కుమార్ సార్ సీటు. కెమిస్ట్రీ ఆయన, ఉద్యోగం వదిలి పోయి చాలా కాలమైంది, అయినా కొత్తగా చేరిన పిల్ల అందులో కూర్చోబోతే వెనక నుంచి ఎవరో ఒకరు, అమ్మాయ్ అది రాజ్ కుమార్ సార్ సీటు అంటారు, ఆ పిల్ల భయపడి లేస్తుంది. లేని మనిషి సీటు అలా ఖాళీగా ఊగుతూ పోతుంటుంది. ఇప్పుడు బస్సులో అటువంటి సీట్లు ఉన్నవాళ్ల సీట్లకంటే ఎక్కువయ్యాయి. చేరిన రోజునే పదో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని రిజిస్ట్రార్ గారి గదిలో ఇనపబీరువాలో పెట్టేస్తారు, అదే మా దగ్గర నిలబెట్టుకునే పద్ధతి. అందుకని పోదలచినవాళ్లు బ్యాంకు లోను కోసమని అడిగి తీసుకుని ఇక తిరిగి రారు. ఎవరైనా లోను మాట ఎత్తితే చాలు, బస్సులో అందరికీ తెలిసిపోతుంది. "ఏంసార్, లోను శాంక్షన్ అయినట్టేనా, యా ఊర్లో ఇల్లు?" అంటాడు అశోక్ అద్దంలో చూసి. డెబోరా మాత్రం లోను అనలేదు. నేను పోతున్నాను, నా కాయితాలు నాకివ్వండి అని రాసింది. ఆ ఒక్క వాక్యానికే ఆఫీసులో అంతా బిత్తరపోయారు, అబద్ధం ఆడకపోతే ఏ ఫైల్లో పెట్టాలో తెలియక.

మా నాయన పశువుల్ని కొనుక్కొచ్చేవాడు. అమ్మినవాడు పలుపు విప్పుకుని పశువును మాత్రమే ఇస్తాడు, కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకోవాలి, అది ఆచారం. ఒకసారి మనుబోలు నుంచి తెచ్చిన గేదె రెండుసార్లు కట్టు తెంపుకుని హైవే పట్టుకుని వెనక్కి నడిచిపోయింది. మా చిన్నాన్న గొలుసు వేద్దాం అన్నాడు. "పశువు పలుపుకు నిలవదురా, కుడితికి నిలుస్తుంది" అన్నాడు నాయన, ఆ రోజంతటికీ ఆయన మాట్లాడింది అదొక్కటే. ఇది నేను బెంగళూరాయనకు చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. అయినా మనుషుల్ని గేదెతో పోల్చాడని మినిట్స్‌లో రాసుకునేవాళ్లు.

డెబోరాది వాకాడు పక్కన సముద్రం ఊరు. వాళ్ల నాయన పడవ మీద పోయేవాడు. కొచ్చిలో రొయ్యల జబ్బుల మీద పీహెచ్‌డీ చేసి ఇక్కడికి ఎందుకు వచ్చిందని నేనే అడిగాను మొదటి నెలలో. "రొయ్యలగుంటలు ఇక్కడుండాయి గదా సార్" అంది. ఆమె రాకముందు మా ఆక్వా డిపార్టుమెంటుకు రైతు అనేవాడు వచ్చి ఎరగడు. ఎండాకాలం సెలవుల్లో లెక్చరర్లందరినీ పాంప్లెట్లు ఇచ్చి ఊళ్ల మీదికి తోలుతారు, ఇల్లిల్లూ తిరిగి ఇంటర్ పాసైన పిల్లల్ని పట్టుకురావాలి, మనిషికింతమంది అని. మేము చెట్టునీడన కూర్చుని ఫోన్లు చేసి వచ్చేవాళ్లం. ఆమె పాంప్లెట్లు తీసుకుపోయి సీసాల్లో గుంటల నీళ్లు తీసుకొచ్చింది. అడ్మిషన్ ఒక్కటీ తేలేదు. రిజిస్ట్రార్ గారు అందరి ముందూ నిలబెట్టి నాలుగు మాటలన్నారు. నెల తిరిగేసరికి గేటు బయట ఆక్సిజన్ కొట్టిన పాలిథిన్ కవర్లలో బతికిన రొయ్యలు పట్టుకుని రైతులు, విడవలూరు, ఊటుకూరు, రామతీర్థం, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. సెక్యూరిటీవాడు ఎవరు కావాలని అడిగితే, రొయ్యల డాక్టరమ్మ అని. చైర్మన్ గారు కారులో వస్తూ ఆ గుంపును చూశారు. అప్పుడు వచ్చింది మిషను.

మంచి మిషనే. అబద్ధం చెప్పకూడదు. దాన్ని చూసిన రోజు డెబోరా చిన్నపిల్లలా చేతులు పైటకు తుడుచుకుంది. రొయ్యలో తెల్లమచ్చ జబ్బు పురుగు తుంట ఒక్కటున్నా, ఆ తుంటను కోట్ల తుంటలుగా పెంచి ఇదుగో అని చూపిస్తుంది. జబ్బు కంటికి కనపడేసరికి గుంట చచ్చిపోతుంది, ఇది కంటికంటే ముందు చెబుతుంది, చెబితే రైతు ఆ పూటే వల దించి దొరికినకాడికి పట్టుకోవచ్చు. కాకపోతే ఆ పెరిగిన కోట్ల తుంటలు గాలిలోకి పోతే ఆ గదిలో తర్వాత ఏది పెట్టినా జబ్బే కనపడుతుంది. అందుకని రొయ్యను కోసి తయారుచేసే గది వేరే, మిషను గది వేరే ఉండాలి, తలుపులు వేరే, గాలి వేరే, చెప్పులు కూడా వేరే. "కారం దంచిన రోట్లోనే పాయసానికి ఏలకులు దంచితే ఏమైతాది సార్? అదే" అని చెప్పింది రిజిస్ట్రార్ గారికి. ఆయనకు అర్థమైంది. అర్థం కాకపోతే పోనీ అనుకోవచ్చు, అర్థమైంది, తల కూడా ఊపారు. చైర్మన్ గారు మాత్రం కనపడని మిషను ఎందుకయ్యా అన్నారట. రిసెప్షన్ పక్కన నాలుగువైపులా అద్దాలతో ఒకటే గది కట్టించి అందులో పెట్టారు, దసరాకు గుమ్మడికాయ కొట్టారు, మిషనుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు, ఆదిశేషమ్మ రోజూ ఊడ్చి దాని ముందు అగరొత్తి వెలిగిస్తుంది. తల్లిదండ్రులు లోపలికే వచ్చి సెల్ఫీలు తీసుకుంటారు. వెనక బిల్డింగులో రెండు గదులున్నాయి, పక్కపక్కన, తలుపులు ఎదురెదురు దిక్కులకు, చేయించుకున్నట్టు. వాటి నిండా అడ్మిషన్ల ఫ్లెక్సీలు, కొత్తగా చేరే పిల్లలకిచ్చే బ్యాగులు. అవి ఇవ్వండి అంటే సిద్ధాంతిని తీసుకొచ్చి చూపించారు, అది వాయవ్యం, అక్కడ పెట్టింది నిలవదు అన్నాడాయన. సరే, ఈశాన్యంలో పెట్టారు, మిషను నిలిచింది. దాన్ని తెలిసి వాడేవాళ్లే ఒక్కొక్కరుగా వాయవ్యం పట్టుకుని పోయారు.

బస్సు పొలాల మధ్యకు వచ్చింది. ఎడగారు నాట్లు, రెండో పంట వరి, పచ్చబడుతున్నాయి. డెబోరా ఒడిలో బ్యాగు పెట్టుకుని దాని జిప్పు అటూ ఇటూ లాగుతూ ఉంది. ఆ వేళ్లను చూస్తే నాకు పోయిన మార్చి గుర్తొస్తుంది. అలాగే వచ్చి నా బల్ల ముందు నిలబడి, గ్లౌజులు కూడా విప్పకుండా, "సార్, ఉత్త నీళ్లు పెట్టినా" అంది. నాకు అర్థం కాలేదు. "రొయ్య ల్యా, ఏం ల్యా సార్. సీసాలో కొన్న మంచినీళ్లు. పాజిటివ్ వచ్చింది." మేమిద్దరం పోయి మళ్లీ పెట్టాము. మళ్లీ వచ్చింది. అద్దాల బయట ఎవరో కుటుంబం మమ్మల్ని ఫోటో తీస్తున్నారు. అప్పుడామె ముత్యాలయ్య గుంట అంది, అంతే, కూర్చుండిపోయింది. ముత్యాలయ్య మా విడవలూరు పక్కన కాలవగట్టు మీద గుంట కౌలుకు తీసుకుని రొయ్యలు వేసినవాడు, వలపని మానుకుని గుంటపనికి వచ్చినవాడు. అంతకు ముందు వారం అతని రొయ్యకు తెల్లమచ్చ ఉందని ఆమె కాయితం రాసిచ్చింది. ఆ సాయంత్రమే వల దించాడు, సగం కూడా ఎదగని రొయ్య, వేలెడు లేదు, ఐస్ కూడా దండగన్నట్టు లారీవాడు మొహం పెట్టాడు. పక్క గుంటలో సుబ్బుది కూడా అదే రొయ్యపిల్ల, అదే కాలవ నీళ్లు, సుబ్బు కాయితం కోసం రాలేదు కాబట్టి భయపడలేదు, నెలన్నర తర్వాత బంగారంలాంటి పంట తీశాడు.

పోయి ముత్యాలయ్యకు చెప్పి వస్తానంది. రిజిస్ట్రార్ గారు చేతులు జోడించారు, నిజంగానే జోడించారు, "తల్లీ, ఇది అడ్మిషన్ల టైము. ఒకడికి చెబితే అందరూ గేటు ముందుకొస్తారు. నువ్వింకా చిన్నదానివి, ఎమోషనల్ కావొద్దు" అన్నారు. మిషనుకు నీళ్లకూ రొయ్యలకూ తేడా తెలియడం లేదని తేలిన తర్వాత కూడా రోజూ అగరొత్తి వెలుగుతూనే ఉంది, ట్యాగు మెడలో వేసుకుని చూపిస్తూనే ఉండాలి. ఆమె రైతుల రొయ్యలు తీసుకోవడం మానేసింది, రిపేరు అని చెప్పి తిప్పి పంపేది. పోయినవారం ఆమె సెలవులో ఉంటే, కొత్తగా చేరిన పిల్ల చేత ఆ మిషను మీదే రిపోర్టులు ఇప్పించారు, ఇన్‌స్పెక్షన్ కమిటీకి చూపించడానికి రిపోర్టులు కావాలట. మర్నాడే డెబోరా ఆ ఒక్క వాక్యం రాసింది. ఇప్పుడు ఇవన్నీ తెలిసిన నేను, అమ్మా డీన్ ఇస్తారట ఉండు, అనాలి. ఉండమనే నాకూ ఉంది, అదే నా ఏడుపు. ఈమె పోతే ఈ సముద్రం పక్కన ఇన్ని గుంటలకు చూసి చెప్పే కన్ను ఉండదు. రిజిస్ట్రార్ గారికి కమిటీ దాకా కావాలి, నాకు ఎప్పటికీ కావాలి. ఇద్దరం ఆమెను పట్టుకుని లాగేవాళ్లమే, ఇద్దరి చేతుల్లోనూ కుడితి లేదు.

"ఏదో చెప్పాలని ఉండారు సార్" అంది ఆమే. విడవలూరు సెంటర్లో అశోక్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు. "పొద్దున్నుంచి ఆ కిటికీతో కొట్లాడతా ఉండారు."

"అది బిగుసుకుపోయిందమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు గాని నవ్వేలా చూసింది. "డీన్ అని రిజిస్ట్రార్ సార్ రాత్రి నాకూ ఫోన్ చేసినాడు. రూములో సోఫా గూడా వేస్తారంట."

అంతే. నేను చెప్పాల్సిందంతా అయిపోయింది. విడవలూరు దాటితే వరి పలచబడి భూమి రంగు మారుతుంది, గట్లు తెల్లబారతాయి, సవకతోపుల మధ్య గుంటలు అద్దాల్లా మెరుస్తాయి, వాటిలో గాలి ఎక్కించే ఫ్యాన్లు నీళ్లు చిమ్ముతుంటాయి. ఎక్కడైనా ఒక గుంటలో ఫ్యాన్లు ఆగి ఉంటే నా కన్ను అక్కడ ఆగిపోతుంది, కరెంటు పోయిందా, పంట పోయిందా అని. కాలవ వంతెన ఎక్కుతూ అశోక్ గేరు మార్చాడు, మార్చి, ఎవడ్రా వీడు అంటూ బ్రేకు వేశాడు. రోడ్డుకు అడ్డంగా, పంచె ఎగగట్టి, చేతిలో ఉబ్బిన కవరు పైకెత్తి పట్టుకుని ముత్యాలయ్య.

"ఏంది పెద్దాయనా, ఆర్టీసీ అనుకున్నావా చెయ్యెత్తితే ఆపేదానికి?"

"ఆర్టీసీ అయితే ఆపతాడా అబ్బయా, నువ్వు గాబట్టి ఆపినావు" అంటూనే మెట్టెక్కేశాడు. కవర్లో రొయ్యలు గింజుకుంటున్నాయి. నన్ను చూసి, "అయ్యోరా, బాగుండారా" అని, జవాబు కోసం ఆగకుండా డెబోరా దగ్గరికి వచ్చాడు. "మేడమ్మా, రాత్రి నుంచి మేత ముట్టడం ల్యా. పళ్లెంలో ఏసింది ఏసినట్టే ఉండాది. గేటుకాడికొస్తే రిపేరంటారు, అందుకే దోవలో పట్టుకున్నా. రొవ్వంత చూసి చెప్పు తల్లా. మచ్చ అంటే ఈ పూటే పట్టేస్తా, వలోళ్లు గట్టు మీదనే కూకోనుండారు."

ఆమె లేచి నిలబడింది. నాకు తెలిసిపోయింది ఏం చెప్పబోతుందో, ఆపమని రిజిస్ట్రార్ గారి గొంతు నా చెవిలో మెత్తగా అంటోంది, నేను కిటికీ వైపు కూడా తిరగలేదు.

"మామా, పోయిన పంటలో నీ గుంటకు జబ్బు ల్యా."

"ల్యా?"

"ల్యా. మిషను తప్పు చెప్పింది. నేను నమ్మి కాయితం రాసిచ్చినా. నీకు చెప్పాలని వస్తుంటే రానీల్యా. రానీకపోయినా రావాల్సింది, నేను రాల్యా."

వెనక సీట్లలో ఎవరో, మేడమ్ బయోమెట్రిక్ టైమవుతుంది అన్నారు. ముత్యాలయ్య వాళ్ల వైపు చూడలేదు. కవరును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "సుబ్బు గాడు ఊరంతా చెప్పి నవ్వతా ఉండాడు, మామకు తొందరెక్కువ అని. మాయింటిది గూడా అదే మాట. నేను గూడా అదే అనుకుంటి, నాకే తొందర అని." కవరు మూతి బిగించుకుంటూ, "నీ కాయితం చేతిలో పెట్టుకోని నేను తిట్టిపిచ్చుకుంటి గదమ్మా" అన్నాడు. కోపంగా కూడా కాదు. కోపమైతే బాగుండేది. తర్వాత కవరు ఎత్తి వెలుగుకు పెట్టి చూసుకున్నాడు. "అయితే ఇప్పుడు ఇయ్యి ఎవురికి చూపించేది?"

బస్సు నిండా చదువుకున్నవాళ్లమే. పీహెచ్‌డీలే పది దాకా ఉన్నాయి, అన్నీ బీరువాలో. అశోక్ అద్దంలో నన్నే చూస్తున్నాడు. నాకు నోట మాట రాదని అతనికి తెలుసు, అయినా చూస్తున్నాడు. "మా దగ్గరికి తేవద్దు ముత్యాలయ్యా" అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినపడింది, "ఆ మిషనుకు చూపించొద్దు. ఎవరొచ్చినా ఇదే చెప్పు. నేను చెప్పినానని చెప్పు."

డెబోరా బ్యాగు భుజాన వేసుకుంది. "పద మామా, గుంట చూద్దాం. ముందు వలోళ్లని ఆగమను. రాత్రి ఉక్కబోసింది, గాలి చాలకపోయినా మేత ముట్టవు. ఇవి నెల్లూరు ల్యాబుకు పంపిద్దాం, అక్కడ రెండు గదులుండాయి." రెండు మెట్లు దిగి మళ్లీ నా వైపు చూసింది. "మీకు చెప్పమన్న మాట మీరు నాకు చెప్పల్యా సార్."

"చెప్పలేదమ్మా."

"మేలు చేసినారు. మధ్యాహ్నం చెన్నై వాళ్లకు వస్తానని చెప్పేస్తా. ఉండమని మీరు నోరు తెరిచి అడిగుంటే కష్టమయ్యేది."

దిగిపోయింది. గట్టు మీద ముందు అతను, వెనక ఆమె, చెప్పులు చేత్తో పట్టుకుని. బస్సు కదిలింది. అడిగి ఉంటే కష్టమయ్యేది అంటే, అడిగి ఉంటే ఉండేదేమో. ఉండి ఏం చేసేది? సోఫాలో కూర్చునేదా? అడగనందుకు మంచి పని చేశానో, నా మూగతనానికే మంచితనం అని పేరు పెట్టుకుంటున్నానో తెలియలేదు, ఒళ్లంతా మంట పెట్టినట్టు ఉంది, ఎవరి మీదా అని వెతికితే ఒక్కరి మీద కూడా నిలవడం లేదు, రిజిస్ట్రార్ గారి మీద పెడితే చైర్మన్ గారి మీదికి జారుతుంది, అక్కడి నుంచి సిద్ధాంతి మీదికి, బెంగళూరాయన మీదికి, తిరిగి తిరిగి నా దగ్గరికి. ఫోను మోగింది.

"ఏమంటుందండీ? మాట ఇచ్చిందా?"

"పోతుంది సార్."

"మీరు గట్టిగా చెప్పలేదు."

"గదులిస్తే ఉండేది సార్. ఇప్పటికైనా ఇవ్వండి, వచ్చేవాళ్లయినా ఉంటారు." అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. "ఇవ్వకపోతే నేను కూడా ఉండలేను."

ఆయన నవ్వారు. ఎగతాళిగా కాదు, ఇంట్లోవాడు అలిగితే నవ్వినట్టు. "మీరెక్కడికి పోతారు ప్రసాద్ గారూ! మీరు మా మనిషి. వచ్చేయండి, టిఫిన్ చేద్దాం."

నిజమే. ఎక్కడికి పోతాను. నా సర్టిఫికెట్లు ఆ బీరువాలో ఉన్నాయో లేదో కూడా నేను అడిగి చూడలేదు ఎప్పుడూ. నన్ను నిలబెట్టుకోవడానికి ఎవరూ కమిటీ వేయనక్కర్లేదు, డీన్ ఇవ్వనక్కర్లేదు. పోగలిగినవాళ్లను పట్టుకోలేరు, పోలేనివాళ్లను పట్టించుకోరు. ఇదే ఇక్కడి రీతి అని ఇన్నాళ్లూ తెలుసు, తెలిసి ఊరుకున్నాను, ఊరుకోవడం నాకు వచ్చిన విద్య. కానీ ఎక్కడికీ పోనివాడు అంటే రేపు కూడా ఇక్కడే ఉండేవాడు. ఎల్లుండి కూడా. ఆ సంగతి వాళ్లు ఆలోచించినట్టు లేదు.

గేటు వచ్చింది. అందరూ వేలిముద్ర వేయడానికి పరుగు తీశారు. నేను అద్దాల గదిలోకి పోయాను. ఆదిశేషమ్మ అగరొత్తి వెలిగించబోతోంది. "ఏంది సార్, ఈయేల మీరే వచ్చినారు, మేడం రాల్యా?" అంది. వద్దులేమ్మా అని చేతిలో అగ్గిపెట్టె తీసుకుని ఆమెను బయటికి పంపి, మిషను ప్లగ్గు పీకి, తలుపు వేసి తాళం వేశాను. హెచ్చోడీగా ఆ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. రిసెప్షన్ నుంచి ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. మొదటి కుటుంబం వచ్చింది, తండ్రి, తల్లి, ఇంటర్ పాసైన అమ్మాయి, ముందు ఏదో చెబుతూ మా కొత్త పిల్ల. ఆ అమ్మాయి అద్దానికి మొహం ఆనించి లోపలికి చూసి, ఇది తెరవరా సార్ అంది.

"రెండు గదులు కావాలమ్మా దీనికి. వచ్చేదాకా తెరవం" అన్నాను.

రెండు గదులెందుకు అంది. ఎవరూ అడగని ప్రశ్న. చెప్పడం మొదలుపెట్టాను, రోలు సంగతి, కారం సంగతి, ఉత్త నీళ్ల సంగతి. ఆ తండ్రి కూడా దగ్గరికి జరిగి వింటున్నాడు, ఆయనకు గుంట ఉందట. మెట్ల మీద బూట్ల చప్పుడు. రిజిస్ట్రార్ గారు దిగి వస్తున్నారు. ఆయన కనపడితే లేచి నిలబడటం నా కాళ్లకు ఏళ్లనాటి అలవాటు, అవి వాటంతటవే కదిలాయి. నేను రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, గట్టిగా నొక్కి పట్టుకున్నాను.